‘గూగుల్‌లో మొదటి ప్లేస్ గ్యారెంటీ’ అన్నవాళ్లకి డబ్బు కట్టకండి

చిన్న షాపు నడిపేవాళ్లు, ఇంటి దగ్గర తయారుచేసి ఆన్‌లైన్లో అమ్ముకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మీ వెబ్‌సైట్‌ని గూగుల్‌లో పైకి తెస్తాం, మొదటి ప్లేస్ మాది గ్యారెంటీ అని ఎవరు ఫోన్ చేసినా అడ్వాన్స్ ఇవ్వకండి. పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు అసలే ఇవ్వకండి. గుంటూరులో మా అక్క పచ్చళ్ల వ్యాపారం ఇలాంటి ఒక కంపెనీ చేతిలో పడి ఈ ఏడాది ఆవకాయ సీజన్ మొత్తం పోగొట్టుకుంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేర్లు మార్చి ఇదే పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే వాళ్ల పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం.

ఎస్‌ఈఓ (వెబ్‌సైట్ గూగుల్‌లో పైకి కనిపించేలా చేసే పని) దండగ అని నేను అనడం లేదు. అక్క సరుకు కొనేది ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్న మనవాళ్లు. షాపు బోర్డు చూసి లోపలికి వచ్చే బేరం కాదది. మామిడికాయలు దిగే రోజుల్లో వాళ్లు ఫోన్ తీసి ‘ఆవకాయ ఆన్‌లైన్’ అని కొడతారు. పైన కనిపించిన మూడు నాలుగు షాపులు చూసి ఆర్డర్ పెట్టేస్తారు. పెద్ద కంపెనీలు యాడ్లకి డబ్బు పోయగలవు. మనలాంటి వాళ్లకి ఆ మామూలు రిజల్ట్స్‌లో కనిపించడమే దారి. ఆ అవసరం చూసే వీళ్లు వల వేస్తారు.

మొదటి ఫోన్ ఎలా వచ్చిందంటే, ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం మేడమ్, మీ లిస్టింగ్ ఎక్స్‌పైర్ అయిపోతోంది’ అని. ఇది పచ్చి అబద్ధం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (సెర్చ్‌లో, మ్యాప్స్‌లో షాపు వివరాలు, రివ్యూలు కనిపించే పేజీ, వాళ్లు లిస్టింగ్ అన్నది దాన్నే) ఉచితం. దానికి ఏడాది ఫీజూ లేదు, రెన్యువలూ లేదు. ఆ భయం పెట్టి, ఆరు నెలల ప్యాకేజీ అని 45,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు.

ఆ తర్వాత నెలనెలా ఒక పీడీఎఫ్ రిపోర్టు వచ్చేది, నిండా ఆకుపచ్చ బాణాలతో. అక్క నాకు పంపితే లైను లైనుగా చూశాను. మొదటి లైన్లో షాపు పేరు, ర్యాంకు 1. ఆ పేరుతో ఊళ్లో ఇంకో షాపు లేదు, కొడితే అదే వస్తుంది, ఇందులో వాళ్లు చేసిందేమీ లేదు. రెండో లైన్లో ‘బెస్ట్ హోమ్‌మేడ్ గోంగూర పికిల్ మాన్యుఫ్యాక్చరర్ ఇన్ బ్రాడీపేట గుంటూరు’, ర్యాంకు 1. గోంగూర పచ్చడి తినాలనిపించిన మనిషి ఎవరైనా అలా కొడతారా? మూడో లైను పక్కన పెట్టిన స్క్రీన్‌షాట్‌లో చిన్న అక్షరాలతో ‘స్పాన్సర్డ్’ అని ఉంది, అంటే అది డబ్బు కట్టిన యాడ్. యాడ్ డబ్బు ఆగితే యాడ్ పోతుంది, దానివల్ల మామూలు రిజల్ట్స్‌లో ర్యాంకు పెరగదు. ఇక గూగుల్ సెర్చ్ కన్సోల్ (ఏ మాటకి మన సైటు ఎన్నో స్థానంలో వస్తోందో చూపే గూగుల్ సాధనం) తెరిచి చూస్తే, నిజంగా జనం కొట్టే ‘ఆవకాయ పచ్చడి ఆన్‌లైన్’ లాంటి మాటలకి మన సైటు నలభై దాటిన స్థానంలో ఉంది. సెర్చ్ కన్సోల్ కూడా ఉచితమే. ఎవరి రిపోర్టు వచ్చినా ముందు దాంతో సరిచూడండి.

లింకుల సంగతి ఇంకా ఘోరం. వేరే సైట్లు మన సైటుకి లింకు ఇస్తే గూగుల్ దాన్ని మంచి గుర్తుగా తీసుకుంటుంది, అందుకే వీళ్లు దొంగ లింకులు పెడతారు. జూదం సైట్లు, మనకి సంబంధం లేని విదేశీ సైట్లలో అక్క సైటుకి లింకులు పెట్టారు. గూగుల్ 2012లో తన ర్యాంకుల లెక్క మారుస్తూ పెంగ్విన్ అప్‌డేట్ తెచ్చిందే ఇలాంటి దొంగ లింకుల మీద. అంతకు ముందు ఏడాదే అమెరికాలో జేసీ పెన్నీ అంత పెద్ద స్టోర్ల కంపెనీ కొన్న లింకుల వల్ల రిజల్ట్స్‌లో అడుక్కి పడిపోయింది. చిన్న పచ్చళ్ల షాపు ఎక్కడ తట్టుకుంటుంది?

అసలు దెబ్బ మ్యాప్స్‌లో తగిలింది. షాపు పేరు పక్కన ‘బెస్ట్ ఆంధ్రా పికిల్స్ హోమ్‌మేడ్ గుంటూరు’ అని తగిలించారు. బోర్డు మీద లేని మాటలు పేరులో చేర్చడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. సరిగ్గా ఏప్రిల్‌లో ప్రొఫైల్ సస్పెండ్ అయింది. కస్టమర్లు ఏళ్లుగా రాసిన రివ్యూలన్నీ కనిపించకుండా పోయాయి. మీరేం అక్కర్లేదు, మేమే చూసుకుంటాం అని అక్క ఆ కంపెనీవాళ్లతో అంటే, అప్పుడు బయటపడింది: ప్రొఫైల్‌కి ప్రైమరీ ఓనర్‌గా వాళ్ల మెయిల్ ఉంది, అక్క ఉత్త మేనేజర్. డొమైన్ (సైటు అడ్రసు) కూడా వాళ్ల పేరు మీదే రిజిస్టర్ అయి ఉంది. కావాలంటే ఇంకో పాతిక వేలు కట్టమన్నారు.

కాబట్టి ఇవాళే కూర్చుని చూసుకోండి. డొమైన్ మీ పేరున, మీ మెయిల్‌తో ఉండాలి. బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్ మీరే అవ్వాలి, పనిచేసేవాళ్లని మేనేజర్‌గా మాత్రమే చేర్చాలి. ఇప్పటికే ఇంకొకరి చేతిలో ఉంటే, మ్యాప్స్‌లో మీ షాపు తెరిచి ఓనర్‌షిప్ కోసం రిక్వెస్ట్ పెట్టండి. వాళ్లకి జవాబివ్వడానికి 3 రోజుల గడువు ఉంటుంది. పలక్కపోతే, చాలాసార్లు మీరే వెరిఫై చేసుకునే అవకాశం వస్తుంది. సస్పెండ్ అయి ఉంటే ముందు పేరు బోర్డు మీద ఉన్నట్టే సరిచేసి, ఆ తర్వాత జీఎస్టీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ కాగితాలతో అప్పీల్ చేయాలి. మేం అలాగే చేస్తున్నాం.

పనిమంతుణ్ణి పెట్టుకోవాలంటే అతను అడిగే ప్రశ్నలు చూడండి. మీ కస్టమర్లు ఎక్కడివాళ్లు, ఏ పచ్చడి ఎక్కువ పోతుంది అని అడుగుతాడు. మొదటి ప్లేస్ గ్యారెంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. ఫలితం కనబడటానికి సాధారణంగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా చెబుతోంది. కొంత పని మనమే చేసుకోవచ్చు. ఇప్పుడు ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ పెడుతున్నాం. పప్పునూనె వాడామా, వేరుశనగ నూనె వాడామా, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, అమెరికాకి పార్సిల్ ఎలా కడతాం, ఫోన్‌లో అందరూ అడిగేవే అక్క చెబుతుంటే నేను రాస్తున్నాను. పేరు తెలుగులోనూ ఇంగ్లీష్ అక్షరాల్లోనూ పెడుతున్నాం, జనం రెండు రకాలుగానూ వెతుకుతారు.

మోసపోయినవాళ్లు ఊరుకోకండి. గూగుల్ అని చెప్పి డబ్బు లాగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సర్వీసు గొడవకైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ‘వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారు’ అని కంపెనీవాళ్లు వాదిస్తారు. సొంతంగా పని చేసుకుని బతకడానికే కొన్నవాళ్లని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుల కిందే లెక్కేస్తుంది, ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. గ్యారెంటీ అని వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, ఇన్‌వాయిస్, పీడీఎఫ్ రిపోర్టులు ఏవీ డిలీట్ చేయకుండా అన్నీ జతపరచండి.