సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు: పుస్తకం పట్టడమే బరువనుకునే మనిషి అనుభవం

చదవడం నాకు ఒంటికి పట్టిన అలవాటు కాదు. వర్ణన రెండు పేరాలు దాటిందంటే కళ్లు వాటంతటవే కిందికి జారిపోతాయి, మనసు ఇంకెక్కడో ఉంటుంది. అయినా కొన్నేళ్లుగా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు చదువుతూనే ఉన్నాను, అదీ ఇష్టంగా. వీటిలో నాలాంటివాళ్లకి ఏది పడుతుందో ఏది పడదో ఈపాటికి బాగానే తెలిసింది.

ఈ నవలలంటే లావుపాటి పుస్తకాలని చాలామంది ముట్టుకోరు కానీ, అన్నీ అలా ఉండవు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ద టైమ్ మెషీన్' చాలా చిన్నది. కాలంలో ప్రయాణించే మనిషి 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు, కాస్త అటూ ఇటూ తిరిగొచ్చేసరికి యంత్రం మాయం. ఇక వెనక్కి ఎలా వెళ్తాడన్న టెన్షన్ పట్టుకున్నాక, మామూలుగా దాటేసే వర్ణనలు కూడా వదలకుండా చదివాను.

ఆండీ వియర్ 'ద మార్షియన్' కూడా నన్ను అలాగే కూర్చోబెట్టింది. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయినవాడు బతకాలంటే బంగాళాదుంపలు పండించాలి, దానికి నీళ్లు కావాలి, చేతిలో ఉన్నదేమో రాకెట్ ఇంధనం హైడ్రజీన్. దాన్ని విడగొట్టి హైడ్రోజన్ తీసి, మండించి నీళ్లు చేస్తాడు. కెమిస్ట్రీ మీద ఏనాడూ ఆసక్తి లేని నేను ఆ పేజీలు రెండోసారి చదివాను, ఎందుకంటే అక్కడ లెక్క తప్పితే మనిషే ఉండడు. పైగా కథ చాలావరకు డైరీలా సాగుతుంది కాబట్టి ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవడం తేలిక.

ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' (1965) మాత్రం మొదట్లో బాగా ఇబ్బంది పెట్టింది. ఎక్కడ చూసినా కొత్త పేర్లు, కొత్త మాటలు. చివర్లో పదకోశం ఉంది, కానీ ప్రతి మాటకీ అక్కడికి పరిగెత్తడం మానేశాకే కథ కదిలింది. నన్ను పట్టేసింది ఒక చిన్న సన్నివేశం. ఎడారి తెగ నాయకుడు డ్యూక్ ముందు బల్ల మీద ఉమ్మేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు మండిపడబోతుంటే అది అవమానం కాదు, గౌరవమని తేలుతుంది, నీటి చుక్క దొరకని చోట ఒంట్లోని తడిని ఇవ్వడం కన్నా పెద్ద కానుక ఏముంటుంది! ఆ లోకం గురించి ఎన్ని పేజీలు వివరించినా అంత బాగా అర్థమయ్యేది కాదు. ఈ జాతి నవలల్లో నాకు నచ్చేది ఇదే, అక్కడి మనుషులకి ఏది కరువో తెలిస్తే చాలు, మిగతా లోకమంతా దానంతటదే అర్థమవుతుంది.

ఫాంటసీలో నా ఓటు అర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'కే. అక్కడ ఒకరి అసలు పేరు తెలిస్తే వాళ్ల మీద అధికారం వచ్చేస్తుంది, అందుకే ఎవరూ చెప్పరు. కథానాయకుడు గెడ్ ఘోరమైన తప్పు చేసి, తన మీద తనకే నమ్మకం పోయి ఉన్నప్పుడు, స్నేహితుడు తన అసలు పేరు అతనికి చెప్పేస్తాడు. ఒక్క మాట, అంతే. నాకు గొంతు పట్టేసింది. యుద్ధాలూ డ్రాగన్లూ ఎన్ని చదివినా అంత కదిలించలేదు.

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మాత్రం నాకు పడలేదు. దాని గొప్పతనాన్ని కాదనను, కానీ ఆ సుదీర్ఘ ప్రయాణాలు, మధ్యమధ్యలో వచ్చే పాటలు, వంశచరిత్రలు నా ఓపికకి మించినవి. సగంలో ఆపేశాను, మళ్లీ మొదలుపెట్టే ఆలోచన కూడా లేదు. పుస్తకం చదివించకపోతే పక్కన పెట్టేయడానికి మొహమాటపడకూడదని నా గట్టి అభిప్రాయం, ముఖ్యంగా భాగాల మీద భాగాలుండే ఈ నవలల విషయంలో.

ప్రస్తుతం డ్యూన్ రెండో నవల 'డ్యూన్ మెసయ్య' నడుస్తోంది. మొదటిదానికన్నా చాలా చిన్నది, పేర్లన్నీ ముందే పరిచయం కాబట్టి ఈసారి మొదటి పేజీ నుంచే కథలో ఉన్నాను.