నెల్లూరు మినీ బైపాస్‌లో ఆటో ఎలక్ట్రికల్ షాపు: స్పోర్ట్స్ కారులో పాత ట్రాకర్ తీయించాం, 5కి 4 స్టార్లు

ఏడాదిలో రెండు బ్యాటరీలు మింగింది మా బావ కారు. ఒక్కోటి 23 వేలు. మామూలు బ్యాటరీ పనికిరాదంట, ఏజీఎం (లోపల గాజు నార పొరలుండే) రకమే వెయ్యాలంట, సరే అని వేశాం, మళ్లీ పది రోజులు షెడ్డులో పెడితే చాలు చచ్చి కూర్చునేది. పైగా దీంట్లో ఇంకో తమాషా ఉండాది. ఇంజిన్ వెనకాల, బ్యాటరీ ముందు డిక్కీలో, ఆ డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి, కరెంటు కావాలంటే డిక్కీ తెరవాలి. ఫ్యూజు బాక్సులోంచి ఒక చిన్న టెర్మినల్ బయటికి లాగి దానికి వేరే బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే అప్పుడు టక్కుమని తెరుచుకుంటది. ఆ సంగతి తెలియక మొదటిసారి ఇద్దరం మధ్యాహ్నం ఎండలో గంటన్నర ఆ మూత చుట్టూ ప్రదక్షిణాలు చేశాం.

బావది చీమకుర్తిలో గ్రానైట్ పని, కారు మాత్రం నెల్లూరులో మా ఇంటి దగ్గరే ఉంటది, అక్కడ రాళ్ల లారీల మధ్య దాన్ని తిప్పితే అడుగు మిగలదని. 2011 మోడల్, రెండు డోర్ల జర్మన్ బండి. ఆదివారం మైపాడు బీచి దాకా పోయి రావడం, అప్పుడప్పుడూ హైవే ఎక్కి కావలి దాకా, అంతే దాని సంసారం. మొదటి ఓనరు లండన్‌లో ఉద్యోగం చేసి వచ్చేసేటప్పుడు బండి కూడా తెచ్చుకున్నాడు, ఆయన దగ్గర బెంగళూరు ఆయన కొన్నాడు, ఆయన దగ్గర మా బావ. గొడవంతా ఆ లండన్‌లోనే మొదలైంది. అక్కడ ఇట్టాంటి బండ్లకి ఇన్సూరెన్స్ ఇవ్వాలంటే థాచమ్ (అక్కడ బండ్ల సెక్యూరిటీ పరీక్షించే సంస్థ) కేటగిరీ 5 ట్రాకర్ ఉండాలని చాలా కంపెనీలు పట్టుబట్టేవంట, అందుకని కొత్తప్పుడే ఫ్యాక్టరీ ఫిట్టింగుగా వేసి ఇచ్చారు. జీపీఎస్, లోపల ఒక సిమ్ము, సొంతంగా ఒక చిన్న బ్యాటరీ, జేబులో పెట్టుకోడానికి ఒక కార్డు. కార్డు జేబులో లేకుండా బండి కదిలితే కంట్రోల్ రూము వాళ్లు ఫోన్ చేస్తారు, దొంగతనం అని తేలితే మళ్లీ స్టార్ట్ కాకుండా ఆపేస్తారు. ఆ రోజుల్లో గొప్ప ఏర్పాటే, కాదనను.

ఇప్పుడు దానికి చందా కట్టేవాడు లేడు, ఆ సిమ్ము ఎప్పుడో చచ్చింది. ఆ కాలం పెట్టెలన్నీ 2జీ, 3జీ మీద బతికినవి. మన దగ్గర ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి 3జీ తీసేసింది, జియోకి 2జీ పుట్టుకతోనే లేదు. పెట్టెకి మాత్రం ఈ సంగతులు ఎవరూ చెప్పలేదు కదా, పాపం సిగ్నల్ కోసం వెతుకుతానే ఉంటది, బ్యాటరీ తాగతానే ఉంటది.

ఈ షాపుకి పోయే ముందు రెండు చోట్ల తిరిగాం. ఒకాయన ఆల్టర్నేటర్, అంటే బ్యాటరీని చార్జి చేసే డైనమో, అన్నాడు. చూసి చెప్పాడా అంటే లేదు, బానెట్ ముందు చూసి అక్కడ ఇంజిన్ లేదని తెలిశాక కూడా ఆల్టర్నేటరే అన్నాడు. ఇంకొకాయన ట్రాకర్ అని కరెక్టుగానే పట్టాడు కానీ "వైర్లు కట్ చేసేస్తే అయిపోద్ది అన్నా, పది నిమిషాలు" అని కటింగ్ ప్లేయర్ చేతిలోకి తీసుకున్నాడు, నేను దండం పెట్టి బండి వెనక్కి తెచ్చుకున్నా. చెన్నైలో సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే కొత్త మాడ్యూల్ వెయ్యాలి, లక్షా అరవై వేలు, బండిని ట్రక్కు మీద పంపించండి అన్నారు. నూట డెబ్బై అయిదు కిలోమీటర్లు ట్రక్కు మీద పోయి, ఇండియాలో ఎవరూ చూడని ట్రాకర్ కొత్తది వేయించుకుని రావాలంట!

ఈ షాపు సంగతి మా ఫ్రెండు చెప్పాడు. బయట నుంచి చూస్తే ఏముండదు, రెండు షట్టర్లు, ముందు నాలుగు ఆటోలు, ఒక బొలెరో. స్పోర్ట్స్ కారు తీసుకుని పోతే అందరూ ఫోటోలు తీసుకుంటా నిలబడ్డారు, షాపాయన మాత్రం బండి వంక చూడకుండా "ఆర్‌సీ తెచ్చారా?" అన్నాడు. ఆర్‌సీ బావ పేరున ఉంది, నేను బావమరిదిని అన్నా. కుదరదు సామీ, ఓనరు వచ్చినా సరే, వీడియో కాల్‌లో మాట్లాడి ఆధార్, ఆర్‌సీ పంపించినా సరే, అప్పుడే ముట్టుకుంటా అన్నాడు. బావ క్వారీలో నిలబడి వీడియో కాల్‌లో తల ఊపాక నోట్‌బుక్కులో ఛాసిస్ నంబరు రాసుకుని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. అప్పుడు కొంచెం విసుగొచ్చింది, తర్వాత ఆలోచిస్తే ట్రాకర్ పీకే వాడు అసలు అడగాల్సింది అదే కదా. అడక్కుండా పీకే షాపుకి మీ బండి ఎత్తుకొచ్చిన వాడు కూడా పోతాడు.

పని తీరు చెప్తా, నాకు నచ్చింది ఇదే. మొదటి రోజు ఏమీ విప్పలేదు. ముందు మూత తెరిచే ఉంచి, లాకు దగ్గర స్క్రూడ్రైవరుతో నొక్కి బండికి మూత పడిందన్న భ్రమ కల్పించాడు, తాళం చెవిని ఎదురు టీ కొట్టులో పెట్టి రమ్మన్నాడు, దగ్గర్లో ఉంటే బండి నిద్రపోదంట. బ్యాటరీ నెగెటివ్ వైరు దగ్గర మల్టీమీటరు వరసలో కలిపి, లాక్ చేసి, ముప్పావు గంట వదిలేశాడు. ఇట్టాంటి బండ్లలో కంప్యూటర్లు ఒక్కొక్కటీ పడుకోడానికి ఇరవై నిమిషాల నుంచి నలభై దాకా పడతది, అన్నీ పడుకున్నాక 50 మిల్లీయాంపుల లోపు తాగాలి. మీటరు 31కి దిగింది. నేను సంతోషపడ్డా. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని "ఉండండి" అన్నాడు, నాలుగు నిమిషాల తర్వాత 31 కాస్తా 290 అయింది, కొంచెం సేపు అక్కడే ఆడి మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. గంట సేపు అదే వరస. ముందు చూసినోళ్లు రెండు నిమిషాలు మీటరు పెట్టి బాగుందని తీసేసి ఉంటారు, అందుకే దొరకలేదు.

సరాసరి 180 మిల్లీయాంపుల దాకా తేల్చాడు. లెక్క చాలా సింపులు, రోజుకి 24 గంటలు కాబట్టి 4.3 యాంపియర్ అవర్లు, పది రోజులకి 43, బ్యాటరీయే 70ది, సగం దాటి తాగేసింది ఇంకేం స్టార్ట్ అవుద్ది. ఈ లెక్క ఆటో బిల్లు వెనకాల రాసి ఇచ్చాడు, ఇంకా నా పర్సులో ఉంది.

ఎవరు తాగుతున్నారో పట్టుకోడానికి ఫ్యూజులు పీకలేదు. పీకితే నిద్రపోయిన కంప్యూటర్లు లేస్తాయంట. ఫ్యూజు నెత్తి మీద రెండు చిన్న మెటల్ చుక్కలుంటాయి కదా, వాటి మీద మీటరు ముల్లులు పెట్టి మిల్లీవోల్టులు చూసుకుంటా పోయాడు, కరెంటు పోయే ఫ్యూజు దగ్గర మాత్రమే ఏదో అంకె వస్తది. దొరికింది, ట్రాకర్‌కి కరెంటు పోయే ఫ్యూజు. అది తీసి ఊరుకుందాం అంటే దాని మీదే సెంట్రల్ లాకు కూడా నడుస్తోంది. పైగా లోపల సొంత బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు తీస్తే ఎవడో దొంగ కోశాడనుకుంటది. రెండో ఆయన గనక ఆ రోజు ప్లేయరుతో కోసి ఉంటే ఇంకా ఘోరం, స్టార్టరుకి పోయే లైను ఆ పెట్టె గుండానే తిరిగొస్తది, కోస్తే బండి అక్కడే శిల.

రెండో రోజు విప్పారు. పెట్టె ఎక్కడుందో నేను రాయను, ఇది దొంగలు కూడా చదువుతారు. ఫ్యాక్టరీ వైర్లకి చుట్టే బట్ట టేపుతోనే చుట్టి, వైరింగు మ్యాపులో పేరు కూడా లేకుండా దాచారు, తీయడానికి మూడు గంటలు పట్టింది. బయటికొచ్చాక చూస్తే లోపలి బ్యాటరీ ఉబ్బి ప్లాస్టిక్ పగలగొట్టింది, అంచున తెల్లగా ఉప్పు పొంగినట్టు పొంగింది, వేలు పెట్టబోతే షాపాయన చెయ్యి మీద కొట్టాడు. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండ, మూసేసిన షెడ్డు, లోపల ఇది. బ్యాటరీ డబ్బులు పోతున్నాయనే ఇన్నాళ్లూ ఏడ్చాను కానీ దీని గురించి అసలు ఆలోచించలేదు.

ల్యాప్‌టాప్ కుర్రోడు దాంట్లో రికార్డులు చూసి నవ్వాడు. మేము పోయింది 2025 ఫిబ్రవరి, ట్రాకర్ మాత్రం తేదీ 2005 జూన్ అంటోంది. బండి పుట్టకముందు తేదీ! జీపీఎస్‌లో వారాల లెక్క 1024 దాకా పోయి మళ్లీ సున్నా దగ్గరకొస్తది, 2019 ఏప్రిల్ 6న అట్ట తిరిగింది, అప్డేట్లు లేని పాత రిసీవర్లు కొన్ని ఇరవయ్యేళ్లకి కొంచెం తక్కువ వెనక్కి పోయి కూర్చున్నాయి. అంటే ఒకవేళ సిగ్నలు దొరికినా ఇది ఏ సంవత్సరం పోలీసులకి ఫోన్ చేసేదో.

ఒక్క వైరు కూడా కొయ్యలేదు. స్టార్టరు లైను మాత్రం అసలు ప్లగ్గుకే సరిపోయే పిన్నులతో ఒక జత ప్లగ్గు చేసి నేరుగా కలిపాడు, రేపు ఎవరైనా ట్రాకర్ మళ్లీ పెట్టాలంటే దాన్ని పీకి పాతది గుచ్చితే సరిపోద్ది. తర్వాత కుర్రోడు బండి కంప్యూటరులో ట్రాకర్ పేరు జాబితాలోంచి తీసేశాడు, తీయకపోతే మీటరు మీద ఎప్పుడూ ఎర్ర మెసేజి కనపడతానే ఉంటది. ఆ పని చేసేటప్పుడు చార్జరు తగిలించే ఉంచారు, మధ్యలో వోల్టేజి పడిపోతే వేరే మాడ్యూల్ చచ్చిపోతది కాబట్టి. ఇట్టాంటి చిన్న జాగ్రత్తకే నేను మార్కులేస్తా.

బిల్లు మొత్తం 11 వేలు. చెకింగు 1,500, తీసి ప్లగ్గు వేసినందుకు 6,000, కోడింగు 3,500. ఆఖర్న మళ్లీ మీటరు పెట్టి గంట కూర్చోబెట్టి చూపించాడు, 28 దగ్గర కదలకుండా నిలబడింది. ఇంటికొచ్చాక నేను కావాలనే మూడు వారాలు ముట్టుకోలేదు, 12.5 వోల్టులు ఉంది, ఒక్క తిప్పుకి లేచింది, ఆ శబ్దానికి పక్కింటి పెద్దమ్మ లేచింది అది వేరే సంగతి.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, మూడు కారణాలు ఉన్నాయి గానీ పెద్దది ఒకటే, లోపల ప్లాస్టిక్ ట్రిమ్ము క్లిప్పులు రెండు విరిగాయి, చెప్పకుండా బిగించేశారు, నేను కావలి రోడ్డులో పోతుంటే కిటకిట శబ్దం వస్తే తెలిసింది. అడిగితే ఒప్పుకున్నాడు, క్లిప్పులు తెప్పించి ఫ్రీగా వేశాడు, కానీ ముందే చెప్పాల్సింది. ఇంకా, రేపు సాయంత్రానికి ఇస్తా అన్నది మూడో రోజు మధ్యాహ్నానికి ఇచ్చాడు. కంప్యూటర్ బిల్లు అడిగితే లెటర్‌హెడ్ మీద చేత్తో రాసిచ్చాడు, దాని మీద "ఫ్యాక్టరీ ట్రాకర్ తొలగించబడినది, స్టార్టర్ లైను నేరుగా కలపబడినది" అని రాయించుకోడానికి నేను పట్టుబట్టాల్సొచ్చింది. మీరు కూడా రాయించుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ కూడా పెట్టండి. మన దగ్గర ఏఆర్ఏఐ (బండ్లని పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న దొంగతనం నిరోధక పరికరానికి ఓన్ డ్యామేజి (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంలో రెండున్నర శాతం, అదీ 500 రూపాయలకి మించకుండా తగ్గింపు ఇచ్చే రూలు పాత టారిఫ్‌లో ఉండేది, అట్టాంటి తగ్గింపు తీసుకుంటా పరికరం లేకుండా తిరిగితే రేపు క్లెయిము దగ్గర మెలిక పెడతారు. మా పాలసీలో ఆ తగ్గింపు లేదు, అయినా మెయిల్ పెట్టా.

టాక్సీలు, బస్సులు ఉన్నవాళ్లు ఇది చదివి మేమూ పీకిస్తాం అనుకోవద్దు, పబ్లిక్ సర్వీస్ బండ్లకి ఏఐఎస్ 140 అనే ప్రమాణం ప్రకారం ట్రాకర్ ఉండాలని రూలు ఉంది, అది తీస్తే ఫిట్‌నెస్ దగ్గర దొరికిపోతారు. షాపాయన కూడా అవి ముట్టుకోడు, నా ముందే ఒక టెంపో ట్రావెలర్ ఆయన్ని పంపించేశాడు.

మరి బండికి కాపలా ఏంది అని బావ అడిగాడు. ఇప్పటి 4జీ చిన్న ట్రాకర్ వేయమంటే షాపాయన వేశాడు, దాని ధర పై బిల్లులో కలపలేదు, అది పడుకున్నప్పుడు తాగేది కూడా మా ముందే మీటరు పెట్టి చూపించాకే బిగించాడు. అది ఎట్ట పనిచేస్తోందో ఆరు నెలలు వాడితే గానీ చెప్పలేను.

తీసిన పాత పెట్టెని లోపలి బ్యాటరీ విడిగా తీసేసి కవర్లో పెట్టి ఇచ్చాడు, స్క్రాపుకి ఇవ్వమాకండి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు అన్నాడు. బీరువాలో ఆర్‌సీ పక్కన ఉంది. పోవాలనుకునే వాళ్లు పొద్దున పదిన్నర లోపు పొండి, మీటరు పెట్టి కూర్చునే పని ఆయన పొద్దునే చేస్తాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు సగం దించి ఉంటది, తట్టినా లేవడు. ఆదివారం సెలవు. తాళం చెవి పెట్టి రమ్మన్న ఆ టీ కొట్టులో అల్లం టీ బాగుంటది.