జలుబు రాత్రి నిద్రకు ఏది మేలు: ఆవిరా, ఉప్పునీళ్లా, స్ప్రేనా?

జలుబు చేసిందంటే చాలు, అందరూ అడిగేది ఇదే: పడుకునే ముందు ఆవిరి పట్టాలా, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవాలా, స్ప్రే కొట్టుకోవాలా? మూడింటితోనూ కాస్తో కూస్తో గాలి ఆడుతుంది. ఎంతసేపు ఆడుతుందన్నదే అసలు తేడా. నిద్రకు ఏడెనిమిది గంటలు కావాలి. అరగంట హాయినిచ్చేదాన్ని నమ్ముకుంటే అర్ధరాత్రి నోరెండిపోయి లేచి కూర్చోవాల్సిందే.

పగలు ఫర్వాలేదనిపించిన ముక్కు తల వాల్చగానే ఎందుకు బిగుసుకుంటుంది? దిబ్బడంటే చీమిడి పేరుకోవడమే అనుకుంటారు చాలామంది. నిజానికి గాలికి అడ్డుపడేది ముఖ్యంగా లోపలి పొరల వాపు. ఆ పొరల నిండా రక్తనాళాలే. జలుబుకు అవి ఉబ్బుతాయి, పడుకుంటే తలలో రక్తం నిలిచి ఇంకా ఉబ్బుతాయి. ఎంత చీదినా ఏమీ రాకపోవడం, గాలీ ఆడకపోవడం అందుకే. పక్కకు తిరిగితే కింది వైపు రంధ్రం మూసుకుపోయి పైది కాస్త తెరుచుకుంటుంది కూడా.

ఆవిరి ఈ వాపును పెద్దగా తగ్గించదు. ఎండి అంటుకున్న చీమిడిని మెత్తబరుస్తుంది, పట్టినంతసేపూ హాయిగా ఉంటుంది, అంతే. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పుకుని వంగితే నీళ్లు ఒలికి ఒళ్లు కాలొచ్చు. పిల్లలకైతే అసలు వద్దు. ఆ హాయి కోసమే అయితే వేడినీళ్ల స్నానం చాలు. బామ్ సంగతీ ఇంతే. అందులోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నాడుల్ని తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు భ్రమ కల్పిస్తుంది, లోపలి దారి మాత్రం అంతే ఇరుగ్గా ఉంటుంది. ఆ భ్రమతోనే నిద్ర పడితే ఛాతీకి రాసుకోవచ్చు. ముక్కు రంధ్రాల్లో మాత్రం పెట్టకూడదు, రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం ఉన్నవి వాడకూడదు.

ఉప్పునీళ్లు ఇంతకంటే నయం. అర లీటరు నీళ్లకు నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే మెత్తటి ఉప్పు చదునుగా ముప్పావు టీస్పూను. అయొడిన్ కలపనిదైతే మంచిది. చిటికెడు వంటసోడా వేస్తే మంట ఇంకా తగ్గుతుంది. ఉప్పు మరీ తక్కువైనా, ఎక్కువైనా ముక్కు భగ్గుమంటుంది. చాలామంది ఒక్కసారి చేసి మానేయడానికి ఈ కొలత తప్పడమే కారణం. కుళాయి నీళ్లను నేరుగా వాడొద్దు. ఒక నిమిషం తెర్లనిచ్చి గోరువెచ్చగా చల్లార్చాలి. పచ్చి నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కు దారిన మెదడుకు చేరితే ప్రాణాంతకం. సింకు మీదికి వంగి, తల పక్కకు వాల్చి, నోటితో గాలి పీలుస్తూ పై రంధ్రంలో పోస్తే కింది దాంట్లోంచి వస్తాయి. తర్వాత ఒక్కో వైపూ మెల్లగా చీదాలి. గట్టిగా చీదితే నీళ్లు చెవి వైపు పోతాయి. ఇదంతా పడుకోవడానికి గంట ముందే అయిపోవాలి. లేదంటే లోపల మిగిలిన నీళ్లు దిండు మీదికి కారతాయి. చీమిడీ పోతుంది, వాపూ కొంత తగ్గుతుంది, కానీ తెల్లవార్లూ నిలవదు.

తెల్లవార్లూ నిలిచేది స్ప్రేయే. ఆక్సిమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ రకాలు ఆ రక్తనాళాల్ని నేరుగా ముడుచుకునేలా చేస్తాయి. నిమిషాల్లో దారి తెరుచుకుంటుంది, మొదటిది పన్నెండు గంటల దాకా, రెండోది ఎనిమిది నుంచి పది గంటల దాకా పనిచేస్తుంది. దిబ్బడ మరీ ఎక్కువైన ఆ రెండు మూడు రాత్రులకు నా ఓటు దీనికే. ఉప్పునీళ్లతో కడుక్కున్నాక కొట్టాలి. ముందు స్ప్రే కొట్టి తర్వాత కడిగితే మందంతా సింకు పాలే. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొడితే మొన దానంతటదే మధ్యగోడ నుంచి పక్కకు తిరుగుతుంది. రోజూ ఆ గోడకే తగిలితే ఎండి నెత్తురు వస్తుంది. కొట్టాక బలంగా ఎగపీల్చొద్దు. గొంతులో చేదు తగిలిందంటే మందు పొరలకు పట్టకుండా కిందికి జారిపోయినట్టే. బీపీ, గుండె జబ్బు, గ్లకోమా (కంటి నాడిని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా వాడకూడదు. ఆరేళ్ల లోపు పిల్లలకూ అంతే.

జలుబు మాత్రల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాటిలో కలిపే ఫినైల్ఎఫ్రిన్ అనే మందు మింగితే దిబ్బడ మీద పనిచేయదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ 2023లోనే తేల్చింది. సూడోఎఫిడ్రిన్ పనిచేస్తుంది గానీ నిద్ర చెడగొడుతుంది. క్లోర్‌ఫెనిరమిన్‌కు మత్తుగా ఉంటుంది, నోరు ఇంకా ఎండుతుంది, పొద్దున తల దిమ్ముగా ఉంటుంది. కొన్నిట్లో కెఫీన్ కూడా కలుపుతారు. రాత్రి వేసుకునే ముందు అట్ట వెనక చూడండి.

ఏది వాడినా తల ఎత్తుగా ఉండాలి. దిండ్లు మెడ కింద మాత్రమే పేరిస్తే మెడ విరిగినట్టవుతుంది. భుజాల దగ్గర్నుంచే ఏటవాలుగా లేచేలా అమర్చుకోవాలి.

స్ప్రేకున్న అసలు చిక్కు నాలుగో రోజు నుంచి. మందు దిగిపోగానే నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ కొట్టాలనిపిస్తుంది, జలుబు తగ్గినా దిబ్బడ పోదు. అందుకే రాత్రికి ఒక్కసారి చొప్పున మూడు రాత్రులతో ఆపి, ఆపైన ఉప్పునీళ్లకే పరిమితం కావాలి. ఇప్పటికే వారాల తరబడి వాడుతూ మానలేకపోతున్నవాళ్లు ముందు ఒక రంధ్రంలో ఆపండి. ఆ వైపు దానంతటదే తెరుచుకున్నాక రెండో వైపూ ఆపేయండి. ఈలోగా గాలి ఆడే వైపు పైకి వచ్చేలా తిరిగి పడుకోవచ్చు.