క్యాలెండర్‌లో ప్రయాణ సమయం: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పదకొండింటికి మీటింగ్ అని క్యాలెండర్‌లో రాసుకుంటాం. అక్కడికి చేరడానికి ముప్పావుగంట పడుతుందంటే మన పని పదింబావుకే మొదలైనట్టు. క్యాలెండర్‌లో మాత్రం ఆ ముప్పావుగంట ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి ఎవరో ఒకరు పదిన్నరకి ఇంకో కాల్ పెట్టేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు, క్యాలెండర్ చెప్పిందే వాళ్లు నమ్మారు. నా పనిలో మీటింగ్‌లు ఒకేచోట ఉండవు. అందుకే దారిలో పట్టే టైమ్‌ని కూడా క్యాలెండర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. నా ఫోన్ ఐఫోన్, ఆఫీసులో అందరిదీ గూగుల్ క్యాలెండర్. కాబట్టి రెండు పద్ధతులూ చాలాకాలంగా వాడుతున్నాను.

యాపిల్ క్యాలెండర్‌లో దీనికి ప్రత్యేకంగా ‘ట్రావెల్ టైమ్’ అనే సదుపాయం ఉంది. మ్యాక్ కంప్యూటర్లలో ఇది 2013లో మావెరిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది. ఈవెంట్‌లో స్థలం ఇచ్చి దీన్ని ఆన్ చేస్తే, 5 నిమిషాల నుంచి 2 గంటల వరకు సిద్ధంగా ఉన్న నిడివుల్లో ఒకటి ఎంచుకోవచ్చు. లేదా ఎక్కడి నుంచి బయల్దేరతామో చెబితే కారులో ఎంత, నడిస్తే ఎంత అని అదే లెక్క వేసి చూపిస్తుంది. అప్పుడు మీటింగ్ గడికి పైన ఆ ప్రయాణం భాగం విడిగా, లేత రంగులో కనిపిస్తుంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ లెక్క కాదు. ప్రయాణం మీటింగ్‌ని అంటిపెట్టుకుని ఉండటం. పదకొండింటి మీటింగ్ మూడింటికి మారిందనుకోండి, దాని ముందున్న ప్రయాణం కూడా తనంతట తానే మారుతుంది. మీటింగ్ రద్దయితే అదీ పోతుంది. మీటింగ్‌లు రోజుకోసారి అటూ ఇటూ మారే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఇది ఎంత హాయో మాటల్లో చెప్పలేను. ఒక్క జాగ్రత్త: మధ్యాహ్నానికి వేసుకున్న నిడివి సాయంత్రం రద్దీకి సరిపోకపోవచ్చు. టైమ్ మారినప్పుడల్లా నిడివి కూడా ఒకసారి చూసుకుంటాను.

రిమైండర్ సంగతి కూడా చెప్పాలి. మామూలుగా మీటింగ్‌కి పావుగంట ముందు మోగే రిమైండర్ ఊరవతల మీటింగ్‌కి ఎందుకూ పనికిరాదు. అది మోగే సరికి మనం సగం దారి దాటి ఉండాలి. ట్రావెల్ టైమ్ ఆన్ చేస్తే రిమైండర్‌ని మీటింగ్ మొదలయ్యే టైమ్‌కి కాకుండా ప్రయాణం మొదలయ్యే టైమ్‌కి ముడిపెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ టు లీవ్’ అని ఇంకోటి ఉంది. అది ఆన్‌లో ఉంటే, మనం ఉన్నచోటు, అప్పటి ట్రాఫిక్ చూసుకుని ఎప్పుడు బయల్దేరాలో చెబుతుంది. దానికి లొకేషన్ అనుమతి ఇవ్వాలి. అది ఇష్టంలేనివాళ్లు నిడివిని చేత్తో వేసుకున్నా పని జరిగిపోతుంది. నేను చాలావరకు చేత్తోనే వేస్తాను, కారణం కింద చెబుతున్నాను.

స్థలం దగ్గర ఒక కిటుకు ఉంది. ‘రెండో అంతస్తు మీటింగ్ రూమ్’ అని టైప్ చేస్తే మ్యాప్‌కి అదెక్కడో తెలియదు, దూరం లెక్కకట్టలేదు. టైప్ చేస్తున్నప్పుడు కింద వచ్చే చిరునామాల్లోంచి సరైనది ఎంచుకోవాలి. గది వివరం నోట్స్‌లో రాసుకుంటే చాలు.

ఇక మ్యాప్ చెప్పే టైమ్ గురించి. అది గేటు నుంచి గేటు వరకే. బండి పెట్టడానికి చోటు వెతకడం, సెక్యూరిటీ దగ్గర రిజిస్టర్‌లో సంతకం, లిఫ్ట్ కోసం ఎదురుచూపు, కూర్చుని మంచినీళ్లు తాగి ఊపిరి పీల్చుకోవడం, ఇవేవీ అందులో లేవు. కొత్త చోటికైతే మ్యాప్ చెప్పినదానికి నేను తప్పకుండా పావుగంట కలుపుతాను. పైగా ఇప్పుడు ఖాళీగా ఉన్న రోడ్డు చూసి వచ్చేవారం ఉదయానికి లెక్క వేయడం కుదరదు. దానికి గూగుల్ మ్యాప్స్‌లో ఫలానా టైమ్‌కి చేరాలి అని పెట్టి చూసుకోవచ్చు. కారు ప్రయాణానికి అది ఒకే అంకె చెప్పదు, మామూలుగా 35 నుంచి 60 నిమిషాలు అన్నట్టు రెండు హద్దులు ఇస్తుంది. ముఖ్యమైన మీటింగ్ అయితే పై హద్దునే క్యాలెండర్‌లో వేయండి. ముందుగా చేరితే ఓ పది నిమిషాలు కాగితాలు చూసుకోవచ్చు. ఆలస్యమైతే ఆ టెన్షన్ మీటింగ్ అయ్యేదాకా వదలదు.

యాపిల్ పద్ధతికి ఉన్న పెద్ద పరిమితి వేరే ఉంది. ఈ ప్రయాణ సమయం మనకోసమే. క్యాలెండర్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఐక్యాలెండర్ అనే ఉమ్మడి ఫార్మాట్‌లో, 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం. అందులో ప్రయాణ సమయానికంటూ అందరూ ఒప్పుకున్న గడి లేదు. యాపిల్ తన సొంత గుర్తుతో, ‘ఎక్స్-యాపిల్’ అని మొదలయ్యే పేరుతో దాన్ని రాస్తుంది. అలాంటి సొంత గుర్తుల్ని మిగతా సాఫ్ట్‌వేర్లు పట్టించుకోనక్కర్లేదు. కాబట్టి నా ఫోన్‌లో చక్కగా కనిపించే ఆ ప్రయాణాన్ని వేరే క్యాలెండర్‌లో చూసే సహోద్యోగులకు చూపించడానికి దాని మీద ఆధారపడలేను.

అందుకే ఆఫీసు క్యాలెండర్‌లో వేరే దారి పట్టాను. గూగుల్ క్యాలెండర్‌లో విడిగా ట్రావెల్ టైమ్ గడి లేదు గనక, మీటింగ్‌కి ముందు ‘ప్రయాణం’ అని ఇంకో ఈవెంట్ పెడతాను. దాన్ని బిజీగా ఉంచుతాను, ప్రైవేట్ అని పెడతాను. అప్పుడు మిగతావాళ్లకి నేను ఎక్కడికి వెళ్తున్నానో తెలియదు, ఆ టైమ్‌లో దొరకనని మాత్రం తెలుస్తుంది. ‘అవుట్ ఆఫ్ ఆఫీస్’ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. అది సెలవులాగా కనిపిస్తుంది, పైగా ఆ టైమ్‌లో వచ్చే ఆహ్వానాల్ని తనే తిరస్కరించేలా ఉంటుంది. దారిలో ఉన్నవాడు సెలవులో ఉన్నట్టు కాదు.

ఈ పద్ధతిలో ఇబ్బంది తెలిసిందే. మీటింగ్ టైమ్ మారితే ప్రయాణం దానితోపాటు మారదు, చేత్తో మార్చాలి. అయినా ఆఫీసులో పనిచేసేవాళ్లకి నేను దీన్నే చెబుతాను. పదిమంది కలిసి వాడే క్యాలెండర్‌లో పదిమందికీ కనిపించని ప్రయాణం వల్ల సగం ఉపయోగమే.

తిరుగు ప్రయాణాన్ని మాత్రం దాదాపు అందరూ మరిచిపోతారు. యాపిల్ ట్రావెల్ టైమ్ కూడా మీటింగ్‌కి ముందు మాత్రమే ఉంటుంది, తర్వాతి దారికి అందులో చోటు లేదు. పన్నెండింటికి మీటింగ్ అయిపోతే పన్నెండుంబావుకి ఆఫీసులో ఇంకో మీటింగ్ ఉంటుంది! తిరుగు దారికి ఎప్పుడూ విడిగా ఈవెంట్ పెట్టుకోండి. మీ టైమ్‌ని ఇతరులే బుక్ చేసుకునే పని అయితే కాలెండ్లీ అనే బుకింగ్ యాప్‌లో మీటింగ్‌కి ముందూ వెనకా ఖాళీ వదిలే బఫర్ ఉంది. గూగుల్ అపాయింట్‌మెంట్ షెడ్యూల్‌లోనూ రెండు అపాయింట్‌మెంట్‌ల మధ్య ఖాళీ పెట్టుకోవచ్చు.

ఒకే భవనంలో గది నుంచి గదికి మారేవాళ్లకి ఇంత అవసరం లేదు. గూగుల్‌లో ‘స్పీడీ మీటింగ్స్’ ఆన్ చేస్తే అరగంట మీటింగ్ 25 నిమిషాలకి, గంట మీటింగ్ 50 నిమిషాలకి ముగిసేలా పడుతుంది. మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్‌లో మీటింగ్‌ని ముందుగా ముగించడమే కాదు, కాస్త ఆలస్యంగా మొదలుపెట్టే ఏర్పాటు కూడా ఉంది. నా ఓటు రెండోదానికే. ముందు ముగించాలని రాసుకున్న మీటింగ్ చివర్లో సాగుతూనే ఉంటుంది, ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేదానికి మాత్రం మనిషి నిదానంగా నడిచి రాగలడు.

విమానం ఎక్కాల్సి వస్తే, బయల్దేరే టైమ్, దిగే టైమ్ రెండింటికీ వేర్వేరు టైమ్ జోన్ పెట్టే వీలు గూగుల్ క్యాలెండర్‌లో ఉంది. అలా పెట్టకుండా మనసులో లెక్కలు కట్టి రాస్తే విమానం గంటన్నరలో చేరినట్టో, రోజంతా ఎగిరినట్టో కనిపిస్తుంది. విమానానికి ముందు ఎయిర్‌పోర్ట్ దారి ఒక ఈవెంట్‌గా, దిగాక మీటింగ్ చోటికి దారి ఇంకో ఈవెంట్‌గా వేస్తాను. అవి రెండూ టికెట్ మీద ఉండవు, రోజులో ఎక్కువ భాగం మింగేసేవి మాత్రం అవే.