‘గోల్కొండ దర్బారు’ బొమ్మ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

ఆన్‌లైన్‌లో ఫొటో చూసి పాత సూక్ష్మచిత్రాలు కొనేవాళ్లు జాగ్రత్త. "కుతుబ్‌షాహీల నాటి ఫార్సీ రాతప్రతిలో పుట" అని చెప్పి ఒక వ్యాపారి నాకు 38 వేలకు అంటగట్టాడు. తివాచీ మీద సుల్తాను, చేతిలో గులాబీ, వెనక వింజామర వీచే దాసి. బొమ్మ బాగుంది, కాదనను.

గుట్టంతా వెనకవైపు ఉంది. కలంతో రాస్తే సిరాలో ముంచినప్పుడల్లా అక్షరం చిక్కబడి, పోనుపోను పలచబడుతుంది. ఇందులో పుటంతా ఒకటే నలుపు. అది చేతిరాత కాదు, లిథో అచ్చు (రాతిపలక మీది రాతను కాగితం మీదికి అచ్చేసే పద్ధతి). ఉర్దూ వచ్చిన మిత్రుడు చూసి, ఫార్సీలో అసలు లేని, ఉర్దూలో మాత్రం ఉండే ట, డ అక్షరాలు వేలు పెట్టి మరీ చూపించాడు. మన దేశంలో లిథో ముద్రణ వచ్చిందే 1820ల్లో. గోల్కొండ 1687లోనే ఔరంగజేబు వశమైంది. లెక్క మీరే వేసుకోండి.

పాత అచ్చు పుస్తకాలను విడదీసి, ఆ ఆకుల మీద కొత్త బొమ్మలు వేస్తారు. కాగితం నిజంగానే పాతది కాబట్టి ఇట్టే నమ్మేస్తాం. లైటుకు అడ్డంగా పట్టుకుంటే సుల్తాను ముఖం కింద నుంచి అచ్చు వరుసలు కనిపించాయి. అసలు ప్రతుల్లో అయితే లేఖకుడు బొమ్మకు చోటు వదిలి రాసేవాడు. భూతద్దంతో చూస్తే పురుగు తిన్న రంధ్రం లోపలి అంచుకు కూడా ఎర్రరంగు అంటి ఉంది. అంటే పురుగు తిన్నాకే బొమ్మ వేశారన్నమాట!

నిలదీస్తే "పాత కాగితం అన్నాను గానీ పాత బొమ్మ అన్నానా?" అంటాడు. జైపూర్, ఉదయ్‌పూర్ చిత్రకారులు కొత్తవని చెప్పే ఇలాంటివి అమ్ముతారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

నిజంగా పాతదే అంటే పత్రాలు అడగండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువులను అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, బొమ్మలున్న పాత రాతప్రతులను రిజిస్టరు చేయించాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట: పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. "కొరియర్‌లో పంపేస్తా, టెన్షన్ పడకండి" అన్నాడంటే అది నకిలీ అయినా అయ్యుండాలి, దొంగ రవాణా అయినా అయ్యుండాలి.

నా డబ్బు ఇంకా తిరిగి రాలేదు. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. ఆ వ్యాపారి ఇప్పుడు అచ్చం అలాంటి బొమ్మనే, పాగా రంగు మార్చి, ‘బీజాపూర్’ పేరుతో అమ్మకానికి పెట్టాడు.