థింక్ ట్యాంక్‌ను ఎవరు నడిపితే మేలు? రిటైర్డ్ రాయబారా, రాస్తూ ఎదిగిన పరిశోధకుడా?

విశాఖలో పీజీ పూర్తి చేసిన ఒక విద్యార్థిని పోయిన నెల ఫోన్ చేసింది. ఢిల్లీలో రెండు థింక్ ట్యాంకుల నుంచి, అంటే ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసి రాసే సంస్థల నుంచి, రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరమని పిలుపు వచ్చిందట. ఒకదానికి డైరెక్టర్ మూడు దేశాల్లో రాయబారిగా చేసి రిటైరైన ఐఎఫ్ఎస్ అధికారి. రెండోదానికి నలభై రెండేళ్ల పరిశోధకుడు. జీతాల్లో పెద్ద తేడా లేదు. "సార్, ఎవరి దగ్గర చేరమంటారు?" అని అడిగింది.

ఏటా ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతారు. ఢిల్లీలో ఇలాంటి సంస్థల్లో ఏడేళ్లు పనిచేసి వచ్చాను కాబట్టి నాకు సొంత అభిప్రాయం ఉంది. ఫోన్‌లో ఆ అమ్మాయికి చెప్పింది తక్కువ. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఒకరి ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. చైనాతో ఎలా ఉండాలి, అణ్వస్త్రాల మాటేమిటి అని దేశం తరఫున ముందుగా ఆలోచించాల్సిన చోటును ఎవరి చేతిలో పెడుతున్నాం అన్న ప్రశ్న కూడా.

మన దగ్గర ప్రభుత్వ నిధులతో నడిచే ఇలాంటి సంస్థల్లో ముఖ్యమైనవి రెండు. ఢిల్లీ సప్రూ హౌస్‌లో ఉన్న ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ (ఐసీడబ్ల్యూఏ) 1943 నాటిది. 2001లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. ఉపరాష్ట్రపతి హోదారీత్యా దానికి అధ్యక్షుడు. 2017 నుంచి 2022 దాకా మన వెంకయ్యనాయుడు గారు ఆ స్థానంలో ఉన్నారు. రోజువారీ పని మాత్రం డైరెక్టర్ జనరల్‌ది. రెండోది రక్షణ శాఖ డబ్బుతో నడిచే ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ స్టడీస్ అండ్ అనాలిసిస్ (ఐడీఎస్ఏ). వై.బి. చవాన్ రక్షణ మంత్రిగా ఉండగా 1965లో పెట్టారు, 2020లో మనోహర్ పారికర్ పేరు చేర్చారు. కొంతకాలంగా ఈ రెండు చోట్లా పై కుర్చీ ఎక్కువగా విదేశాంగ శాఖ నుంచి రిటైరైన వారికే వెళుతూ వచ్చింది. ఐడీఎస్ఏనే చూడండి: అరవింద్ గుప్తా, తర్వాత జయంత్ ప్రసాద్, 2019లో సుజన్ చినాయ్. వరసగా ముగ్గురూ ఐఎఫ్ఎస్.

రాయబారి వస్తే సంస్థకు ఏం దక్కుతుందో ముందు చెప్పాలి, ఎందుకంటే అది తక్కువేమీ కాదు. తలుపులు తెరుచుకుంటాయి. టోక్యో నుంచి ఒక బృందం వస్తోందంటే ఆయన ఒక ఫోన్ చేస్తే చాలు, వాళ్లు మీ సెమినార్ హాలుకు వస్తారు. ప్రభుత్వాలు నేరుగా మాట్లాడుకోలేని రోజుల్లో రెండు దేశాల నిపుణుల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలంటే, అవతలి వాళ్లకు నమ్మకమున్న పెద్ద మనిషి కావాలి. ఆ పని పరిశోధకుడి వల్ల అంత సులభంగా కాదు. పైగా చర్చల గదిలో కూర్చున్న మనిషికి తెలిసేవి కొన్ని పుస్తకాల్లో దొరకవు. ఏ వాక్యం మీద అవతలి వాడు పట్టుబడతాడో, దేన్ని వదిలేస్తాడో ఆయనకు అనుభవంలో తెలుసు. చినాయ్ చైనీస్ భాష వచ్చిన అధికారి, జపాన్‌లో రాయబారిగా చేశారు. ఐసీడబ్ల్యూఏను 2018 నుంచి నడిపిన టి.సి.ఎ. రాఘవన్ పాకిస్తాన్‌లో మన హైకమిషనర్‌గా చేసినవారు, చరిత్రలో డాక్టరేట్ ఉన్నవారు, చరిత్ర పుస్తకాలు రాసినవారు. దౌత్యవేత్తలందరూ ఫైళ్ల మనుషులే అనేవాళ్లకు రాఘవన్ గారిని చూపిస్తే చాలు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, రాత దగ్గర. రాయబారి జీవితమంతా రాసింది ఒక్క పాఠకుడి కోసం. పై అధికారికి రహస్యంగా పంపే నివేదిక అది. అందులో ఆధారాలు చూపాల్సిన పని లేదు, రాసినవాడి హోదాయే ఆధారం. బయట మాట్లాడేటప్పుడు మాత్రం నోరు జారకూడదు, ఒక్క మాట తప్పితే దేశం మీదకు వస్తుంది. ఆ శిక్షణ ఆ ఉద్యోగానికి అవసరమే. థింక్ ట్యాంక్ పేపర్ అలాంటిది కాదు. ముక్కూ ముఖం తెలియని పాఠకుడిని ఆధారాలతో ఒప్పించాలి, ఒక పక్షం తీసుకుని నిలబడాలి.

ఢిల్లీలో నా రెండో ఏడాదిలో ఒక పొరుగు దేశంతో మన నీటి ఒప్పందాల మీద పేపర్ రాశాను. మన వైపు నుంచి జరిగిన జాప్యాన్ని తేదీలతో సహా చూపించాను. అప్పటి మా డైరెక్టర్ మర్యాదస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. డ్రాఫ్ట్ తిరిగొచ్చింది, మార్జిన్‌లో పెన్సిల్‌తో "కొంచెం మెత్తగా" అని రాసి ఉంది. మెత్తగా చేసి ఇచ్చాను. మళ్లీ వచ్చింది. నాలుగోసారికి పాము చావకుండా, కర్ర విరగకుండా తయారైంది. ఎనిమిది నెలల తర్వాత అచ్చయింది, అప్పటికి ఆ విషయం మీద నిర్ణయం అయిపోయింది. ఆ పేపర్‌ను ఇప్పటికీ నా బయోడేటాలో పెట్టుకోను. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన తనకు చేతనైన పని, ముప్పై ఏళ్లు చేసిన పనే చేశారు. కానీ పాతికేళ్ల పరిశోధకుడికి ఆ ఎనిమిది నెలలు నేర్పేది ఒకటే: ఈసారి ముందే మెత్తగా రాయాలని. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

పరిశోధకుడు డైరెక్టరైతే ఆ డ్రాఫ్ట్ వేరేలా తిరిగొస్తుంది. "మూడో పేజీలో అంకె ఎక్కడిది? దీన్ని కాదనేవాళ్ల వాదన ఏది?" అని ఉంటుంది. తిట్లు పడొచ్చు, కానీ పేపర్ గట్టిపడి బయటికొస్తుంది. తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ సి. రాజామోహన్. ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ చదివి, జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల మీద డాక్టరేట్ చేశారు. ఐడీఎస్ఏలో పరిశోధకుడిగా పనిచేసి, తర్వాత పత్రికల్లో ఏళ్ల తరబడి రాశారు. అమెరికా థింక్ ట్యాంక్ కార్నెగీ 2016లో ఢిల్లీలో తన శాఖ కార్నెగీ ఇండియా తెరిచినప్పుడు మొదటి డైరెక్టర్ ఆయనే. అమెరికాతో అణు ఒప్పందం మీద దేశం రెండుగా చీలినప్పుడు ఆయన తన పక్షమేదో కుండబద్దలు కొట్టినట్టు రాశారు. ఒప్పుకోని వాళ్లకు వాదించడానికి ఎదురుగా ఒక స్పష్టమైన వాదన దొరికింది. ఇలాంటి సంస్థ దేశానికి ఇవ్వాల్సింది అదే కదా.

పరిశోధకుడి బలహీనత డబ్బు. దాతల దగ్గరికి వెళ్లడం, మంత్రిత్వ శాఖ చుట్టూ తిరగడం, ఆడిట్లు చూసుకోవడం అతనికి అలవాటైన పని కాదు. ప్రభుత్వంతో చిక్కొస్తే అడ్డం నిలిచే పలుకుబడి కూడా ఉండదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ (సీపీఆర్)ది అదే కథ. విదేశాంగమొక్కటే కాక చాలా అంశాల మీద పనిచేసే పేరున్న సంస్థ అది, పండితుల నాయకత్వంలో ఎదిగింది. 2023 ఫిబ్రవరిలో దాని విదేశీ నిధుల లైసెన్సును సస్పెండ్ చేశారు, 2024 జనవరిలో రద్దు చేశారు. నిధులు ఆగిపోతే ముందు వీధిన పడేది కుర్ర పరిశోధకులే. కాబట్టి "పండితుడైతే చాలు" అని నేను అనను.

అయితే ఈ రెండు పక్షాల్లో ఏదో ఒకటి ఎంచుకోవడం కంటే, నా దృష్టిలో అసలు విషయాన్ని తేల్చేది ఇంకొకటి ఉంది. ఆ మనిషి ఆ కుర్చీలోకి ఏ వయసులో వచ్చాడు, ఎంతకాలం ఉన్నాడు అన్నది.

కె. సుబ్రహ్మణ్యం గారిని తీసుకోండి. మన దేశంలో వ్యూహాత్మక చింతన అనగానే మొదట వినిపించే పేరు. ఆయన ప్రొఫెసర్ కాదు, 1951 బ్యాచ్ ఐఏఎస్ అధికారి. నా వాదన ప్రకారం ఆయన ఫైళ్ల మనిషై ఉండాలి. ఎందుకు కాలేదు? 1968లో ఐడీఎస్ఏ డైరెక్టర్‌గా వచ్చేటప్పటికి ఆయనకు 39 ఏళ్లు. అది రిటైర్మెంట్ తర్వాత ఇచ్చిన విశ్రాంతి పదవి కాదు. ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు ముందున్న మనిషి, తాను రాసినదానికి తానే జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. 1971 మార్చి చివర్లో, తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం విరుచుకుపడ్డ కొద్ది రోజులకే, పాకిస్తాన్ విడిపోవడం మనకు మేలని, ఇలాంటి అవకాశం మళ్లీ రాదని ఢిల్లీలో ఒక సదస్సులో బహిరంగంగా అన్నారు. ప్రభుత్వం అప్పటికి ఆ మాట అనలేదు. పాకిస్తాన్ ఆ వ్యాఖ్యను చాలాకాలం మన కుట్రకు సాక్ష్యంగా చూపించింది. ఇబ్బంది కలిగించినా, ఆలోచించాల్సిన ప్రశ్నను ఆయన బల్ల మీద పెట్టారు.

1975 దాకా ఉన్నారు. మళ్లీ 1980లో వచ్చారు. అప్పటికి ఆయన రక్షణ ఉత్పత్తుల శాఖ కార్యదర్శి. ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి రాగానే తన తండ్రిని ఆ పదవి నుంచి తప్పించారని ఇప్పటి విదేశాంగ మంత్రి జైశంకర్ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఇంకొకరైతే ఆ తర్వాత దొరికిన ఐడీఎస్ఏ కుర్చీలో రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవారు. ఆయన మరో ఏడేళ్లు అక్కడే ఉండి అణ్వస్త్రాల గురించి రాశారు, యువకులను తీర్చిదిద్దారు. రాజామోహన్ ఆ సంస్థలో చేరింది ఆ రోజుల్లోనే. 1987లో ఆ కుర్చీ ఎయిర్ కమొడోర్ జస్జీత్ సింగ్‌కు వెళ్లింది. 1971 యుద్ధంలో వీర్ చక్ర పొందిన యుద్ధ విమాన పైలట్ ఆయన. 2001 దాకా, 14 ఏళ్లు నడిపారు. అంటే ఇద్దరు మనుషులు కలిసి 28 ఏళ్లు. కార్గిల్ యుద్ధం తర్వాత సమీక్ష కమిటీకి అధ్యక్షత వహించాల్సి వచ్చినప్పుడు, అణు విధానం ముసాయిదా రాయాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం సుబ్రహ్మణ్యం గారినే పిలిచింది. ఆ అధికారం ఆయనకు హోదాతో వచ్చింది కాదు, ముప్పై ఏళ్ల రాతతో వచ్చింది.

2001 తర్వాత ఐడీఎస్ఏలో కుర్చీ తరచుగా మారింది, ఎక్కువ మంది మూడేళ్లకు అటూఇటూ ఉన్నారు. 2005 నుంచి 2012 దాకా ఉన్న నరేంద్ర సిసోడియా, ఐదేళ్లు దాటి కొనసాగిన చినాయ్ మినహాయింపులు. మూడేళ్లలో ఏమవుతుంది? మొదటి ఏడాది ఎవరు ఏం రాస్తున్నారో తెలుసుకోవడానికి, రెండో ఏడాది వార్షిక సదస్సుకు. మూడో ఏడాది తర్వాత ఎవరొస్తారన్న గుసగుసలకు. చైనా మీద ఒక మంచి పరిశోధకుడు తయారు కావడానికి భాషతో కలిపి పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లలో ముగ్గురు డైరెక్టర్లు మారితే అతని పని ఎవరిది?

వయసూ పదవీకాలమే విషయాన్ని తేల్చడం బయటి దేశాల్లోనూ కనిపిస్తుంది. లండన్‌లోని రక్షణ వ్యవహారాల థింక్ ట్యాంక్ ఐఐఎస్ఎస్‌ను (ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్ట్రాటజిక్ స్టడీస్) 1958లో మొదలుపెట్టింది అలస్టేర్ బుకన్, ఒక పత్రిక రక్షణ వ్యవహారాల విలేకరి, అప్పటికి నలభై ఏళ్లవాడు. జాన్ చిప్‌మన్ 1993లో ముప్పైల్లో ఉండగా ఆ పదవిలోకి వచ్చి దాదాపు ముప్పై ఏళ్లు ఉన్నారు. ఆసియా రక్షణ మంత్రులు ఏటా సింగపూర్‌లో కలిసే షాంగ్రీలా డైలాగ్ 2002లో ఆయన హయాంలోనే మొదలైంది. న్యూయార్క్‌లోని విదేశాంగ థింక్ ట్యాంక్ కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్‌ను రిచర్డ్ హాస్ 20 ఏళ్లు నడిపారు. ఎక్కువ కాలం ఉండటంలో ప్రమాదమూ ఉంది, సంస్థ ఒకే మనిషి సొత్తులా తయారవుతుంది. ఐఐఎస్ఎస్‌కు బహ్రెయిన్ రాజకుటుంబం పెద్ద మొత్తంలో నిధులిచ్చిన సంగతి 2016లో పత్రికలకెక్కినప్పుడు ఆ ఇబ్బంది కనిపించింది. అయినా మూడేళ్ల డైరెక్టర్ల కంటే ఆ ప్రమాదాన్నే నేను ఎంచుకుంటాను.

పదవీకాలంతో ముడిపడిన ఇంకో సంగతి, తర్వాతి పదవి. అజిత్ దోవల్ 2009లో ఢిల్లీలోని మరో థింక్ ట్యాంక్ వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు మొదటి డైరెక్టర్, 2014లో జాతీయ భద్రతా సలహాదారు. అరవింద్ గుప్తా ఐడీఎస్ఏ నుంచి నేరుగా ఉప భద్రతా సలహాదారుగా వెళ్లారు. అమెరికాలో విలియం బర్న్స్ కార్నెగీ అధ్యక్ష పదవి నుంచి సీఐఏ డైరెక్టర్‌గా వెళ్లారు. ఇందులో మంచి ఉంది, ఆలోచన అధికారం దాకా చేరుతుంది. బర్న్స్ దౌత్యవేత్త అయి ఉండీ అక్కడ ఆరేళ్లు బాగా నడిపారు. కానీ ఆ కుర్చీ మెట్టుగా మారిందని అందరికీ తెలిస్తే, ఇబ్బంది పెట్టే పేపర్ డ్రాయర్‌లోనే ఉండిపోతుంది. ఎవరూ ఆపమని చెప్పక్కర్లేదు.

మిగతా వాళ్ల గురించి క్లుప్తంగా. సైన్యం, నౌకాదళం, వాయుసేనల సొంత సంస్థలకు రిటైర్డ్ అధికారులే సరైనవాళ్లు, ఆ విషయ పరిజ్ఞానం ఇంకెవరికీ ఉండదు. విదేశాంగమంతా చూసే సంస్థకైతే జస్జీత్ సింగ్‌లా, నౌకాదళం నుంచి వచ్చిన సి. ఉదయ్ భాస్కర్‌లా కలం పట్టిన అధికారి దొరికితేనే. శాస్త్రవేత్తను పెట్టి చూశారు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ నుంచి కె. సంతానం 2001లో ఐడీఎస్ఏకు వచ్చారు, అది ఆనవాయితీ కాలేదు. కార్పొరేట్ మేనేజర్లు నిధులు తెస్తారు, డ్రాఫ్టులు చదవరు.

నన్ను ఎంచుకోమంటే నలభై, నలభై అయిదేళ్ల మధ్య ఉన్న పరిశోధకుడినే ఎంచుకుంటాను. పదేళ్ల పదవీకాలం రాసివ్వాలి. నిధుల సంగతి, బయటి పరిచయాలు చూసుకోవడానికి రిటైర్డ్ రాయబారిని చైర్మన్‌గా పెట్టాలి. అలాంటి పరిశోధకుడు దొరక్కపోతే, రాసే అలవాటున్న రాయబారి. రాయని రాయబారి మూడేళ్ల కోసం రావడం నాకు సమ్మతం కాదు.

ఆ అమ్మాయికి మాత్రం రెండు పనులు చెప్పాను. ఇద్దరు డైరెక్టర్లూ గత మూడేళ్లలో సొంత పేరుతో రాసినవి తీసి చదవమన్నాను. ఇంటర్వ్యూ అయ్యాక అక్కడి జూనియర్లలో ఒకరిని టీకి పిలిచి, వాళ్ల చివరి పేపర్ ఇచ్చిన రోజు నుంచి అచ్చయిన రోజు దాకా ఎంతకాలం పట్టిందో అడగమన్నాను. పోయిన వారం మెసేజ్ పెట్టింది. ఒక చోట ఆరు వారాలట, రెండో చోట పదకొండు నెలలట. ఆరు వారాల చోట చేరింది. అది ఏ డైరెక్టర్‌దో నేను అడగలేదు, తనూ చెప్పలేదు.