కొత్తవాడ డర్రీలకు ఏ కంపెనీ మేలు?

వరంగల్ కొత్తవాడలో నేతన్నలు నేసే డర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) అమ్మడానికి అక్కడి పిల్లలు కంపెనీ పెడదామంటే, ముందు తేలాల్సింది లాభం ఎవరిదని. ప్రైవేట్ లిమిటెడ్‌కు ఇద్దరు చాలు. నిర్ణయాలు చకచకా అయిపోతాయి, బయటి పెట్టుబడీ తెచ్చుకోవచ్చు. మగ్గం మీద కూర్చున్నాయన మాత్రం చాలాసార్లు కూలీ దగ్గరే ఆగిపోతాడు.

ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టాలంటే కనీసం 10 మంది ఉత్పత్తిదారులు కావాలి. వాటాలు వాళ్లకే, ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. ఇన్వెస్టర్‌కు వాటా దొరకదు, మీటింగుల్లోనే పొద్దుపోతుంది, నిజమే. అయినా 1956లో మొదలైన ముల్కనూర్ రైతుల సహకార సంఘం ఇలాంటి ఉమ్మడి పెత్తనంతోనే నిలబడింది (చట్టం వేరనుకోండి). 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిందీ వరంగల్ డర్రీకే, ఏ ఒక్క వ్యాపారికో కాదు.

నా ఓటు నేతన్నల కంపెనీకే. ఫొటోలు, ఆన్‌లైన్ అమ్మకాలు, కొత్త డిజైన్ల పని చదువుకున్న పిల్లలకు జీతమిచ్చి అప్పగించాలి, ఊరికే చేయమంటే కుదరదు.